పోయారట!

2020 జూన్ 28, ఆదివారం. టి. నగర్ ఇంత ఖాళీగా ఉండగలదని మీరెన్నడూ అనుకోలేదు. చెన్నైలో పూర్తి లాక్‌డౌన్, ఇవాళ కూరగాయల కొట్టు కూడా తీయకూడదు. రోజూ భుజాలు రాసుకుంటూ నడిచే రంగనాథన్ వీధిలో మనిషన్నవాడు లేడు. జి.ఎన్. రోడ్డు పక్క సందులో, మేడమీద గదిలో, ఫ్యాను కింద మీరూ మీ ల్యాప్‌టాపూ.

వంటింట్లోంచి పిన్ని కేకేస్తుంది. "విన్నావా, జానకమ్మ పోయారట!"

"ఎవరు చెప్పారు పిన్నీ?"

"గ్రూపులో వచ్చింది. దీపం బొమ్మ కూడా పెట్టారు."

తెలుగు వికీపీడియాలో గాయని ఎస్. జానకి పేజీ తెరుస్తారు. 1938, రేపల్లె దగ్గర పల్లపట్ల. ఇలాంటి పేజీల అడుగున "జీవిస్తున్న ప్రజలు" అని ఒక వర్గం ఉంటుంది. దాన్ని చెరిపి "2020 మరణాలు" అని పెట్టడానికి అరనిమిషం చాలు. పేజీకి సంరక్షణ లేకపోతే లాగిన్ కూడా అక్కర్లేదు. ఇక్కడ తేదీ పడిందా, గూగుల్‌కి పాకుతుంది. దాన్ని చూసి ఎవరో స్క్రోలింగు వేస్తారు. రేపు ఆ స్క్రోలింగునే మూలంగా చూపించి మీతోనే వాదిస్తారు.

చరిత్ర ట్యాబు నొక్కుతారు. పేజీని వీక్షణ జాబితాలో వేసుకుంటారు. ఇక వెతుకులాట. ఇంటివాళ్లు చెప్పారా? పేరున్న పత్రిక రాసిందా? దొరికిన కబురు వేరు: ఆవిడకు శస్త్రచికిత్స జరిగింది, కోలుకుంటున్నారు. అంతలో గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం వీడియో. జానకమ్మ క్షేమం, ఎందుకిలాంటివి పుట్టిస్తారని ఆయన కోప్పడుతున్నారు.

అమెరికాలో జాన్ సీగెంథాలర్ అనే పాత్రికేయుడికి ఇంత త్వరగా ఊరట దొరకలేదు. కెనెడీ సోదరుల హత్యల్లో ఆయన్ని అనుమానించారని 2005 మేలో ఇంగ్లీషు వికీపీడియాలో ఒకడు సరదాకి రాస్తే, ఆ అబద్ధం నాలుగు నెలలపాటు నిజంలా కూర్చుంది. ఆ గొడవ తరవాతే బతికున్నవాళ్ల పేజీలకు నియమం బిగిసింది. ఎవరి పరువుకైనా తగిలే మాట మూలం లేకుండా కనిపిస్తే "ఆధారం చూపాలి" అని తగిలించి ఊరుకోకూడదు, అక్కడికక్కడే తీసెయ్యాలి.

మధ్యాహ్నం మూడు. ఇటీవలి మార్పుల్లో ఇంకోటి. ఒక హీరో పేజీ తొలి వాక్యంలోనే, పేరుకూ వృత్తికీ మధ్యన, కులం దూర్చారు. చావు పుకారు సాయంత్రానికి చల్లారుతుంది, ఇది చల్లారే రకం కాదు. ఆ మనిషి తన నోటితో ఎక్కడైనా చెప్పుకున్నాడా? చెప్పుకున్నా, ఆయన వేసిన వేషాలకూ దానికీ ఏమిటి సంబంధం? మీ కిటికీ అవతలి రోడ్డు గోపతి నారాయణస్వామి చెట్టి పేరున వెలిసింది. ప్రభుత్వం వీధుల పేర్లలోంచి కులాలు తీసేస్తే పలకల మీద జి.ఎన్. రోడ్డయింది. ఆటోవాడికి మాత్రం నేటికీ అది చెట్టి రోడ్డే.

మార్పు రద్దు చేస్తారు. మళ్లీ వస్తుంది, వేరే ఐపీ నుంచి. చర్చ పేజీలో అవతలి మనిషి: "అందరికీ తెలిసిందే కదండీ, ఆధారమెందుకు?"

"అందరికీ తెలిస్తే ఎవరో ఒకరు రాసే ఉంటారు. లింకివ్వండి."

కాసేపటికి లింకు వస్తుంది. అభిమాన సంఘంవాళ్ల ఫేస్‌బుక్ పేజీ. మళ్లీ రద్దు చేసి, పేజీకి కొన్నాళ్లు సంరక్షణ పెట్టమని నిర్వాహకులకు రాస్తారు.