పంట విరామం వార్తలపై పరిశోధన: కొన్ని పదాలకు వ్యాఖ్యానం

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు నాట్లు వేయకుండా చేలు వదిలేశారు. ధర గిట్టక, కూలి ఖర్చులు పెరిగి, మురుగు కాలువలు పూడి చేలు మునిగి విసిగిపోయారు. దీనిపై ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. పత్రికలు ఆ పంట విరామాన్ని ఎలా రాశాయన్నది జర్నలిజం ఎం.ఏ. విద్యార్థికి గట్టి అంశం.

పరిశోధన ప్రశ్న: ‘పంట విరామం - పత్రికల పాత్ర’ అంటే ఏదైనా రాసేయవచ్చు. ‘ఆ వార్తల్లో భూయజమాని ఎన్నిసార్లు మాట్లాడాడు, కౌలు రైతు ఎన్నిసార్లు, కూలీ ఎన్నిసార్లు?’ అని అడిగితే లెక్క తేలుతుంది. సాగు ఆగితే ఈ ముగ్గురికీ పోయేది ఒకటే కాదు కదా!

పూర్వ పరిశోధనల సమీక్ష: చదివిన పుస్తకాల జాబితా ఇస్తే చాలదు. ఎవరు ఎంతవరకు చెప్పి ఆగారో రాయాలి.

నమూనా: ఏ ఎడిషన్లు, ఏ రోజుల ప్రతులు చూడాలో ఎంచుకోవడం. సిద్ధాంత వ్యాసం నిలిచేదీ కూలేదీ ఇక్కడే. ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక స్థానిక వార్తలకు చోటు పెరిగింది కానీ, కోనసీమలోని రాజోలు, కొత్తపేట వార్తలు చాలావరకు జిల్లా దాటి వెళ్లవు. హైదరాబాద్ ఎడిషన్ తిరగేసి ‘పత్రికలు పట్టించుకోలేదు’ అని తేల్చేస్తే అది అన్యాయం. కోనసీమ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. కాబట్టి 2011 ప్రతుల కోసం తూర్పు గోదావరి పేజీలే వెతకాలి. ధర్నా జరిగిన రోజులే కాకుండా సీజన్ మొత్తం చూడాలి.

కోడింగ్: వార్తలోని ప్రతి మాటా ఎవరిదో చూసి వారి ఖాతాలో వేయడం. ‘కౌలు రైతుల తరఫున సంఘం నాయకుడు మాట్లాడుతూ...’ అని ఒక వార్త ఉందనుకుందాం. ఆ మాట ఎవరి ఖాతాలో వేయాలి? నాయకుడి ఖాతాలోనే అంటాను. మీరు వేరేగా అనుకోవచ్చు. ఏదైనా సరే, లెక్క మొదలెట్టకముందే నియమం రాసుకోవాలి. తర్వాత అవే వార్తలను ఇద్దరు విడివిడిగా కోడ్ చేయాలి. వారి లెక్కలు కాకతాళీయంగా కలిశాయా, నిజంగానే కలిశాయా అని చూడటానికే జేకబ్ కోహెన్ 1960లో ‘కప్పా’ అనే కొలమానం ఇచ్చాడు. అది తక్కువగా వస్తే నియమం దిద్ది మళ్లీ మొదలెట్టాలి. ఓపిక కావాలి.

సమ్మతి: వార్తలతో పాటు కౌలు రైతులతోనూ మాట్లాడితే ముందు వారి సమ్మతి తీసుకోవాలి. కౌలు చాలాచోట్ల నోటిమాట మీదే నడుస్తుంది. మాట్లాడినవాడెవరో బయటపడితే వచ్చే ఏడాది అతనికి చేను దక్కకపోవచ్చు. పేరు తీసేసి, ఊరు, ఎకరాకు కట్టే బస్తాలు అలాగే ఉంచితే ఊళ్లో ఎవరైనా పోల్చుకుంటారు. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కకముందే అడగాలి; వద్దంటే మానేయాలి.

మార్గదర్శకులకు ఒక విన్నపం: సినాప్సిస్ మీద సంతకం పెట్టేముందు, జిల్లా పేజీలు చూశావా అని విద్యార్థిని తప్పక అడగండి.