గస్సాల్ పని నేర్చుకోవాలంటే: ఇంటికి ఇద్దరికైనా తెలియాల్సిన విషయాలు

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అంత్యక్రియల డైరెక్టర్ కావాలంటే చదువు, పరీక్ష, లైసెన్సు ఉండాలి. మన చాదర్‌ఘాట్, నాంపల్లి వైపు అదే పనిని గస్సాల్, మహల్లా మసీదు, ఖబ్రస్తాన్ వాళ్లు, ఇంటివాళ్లు కలిసి పంచుకుంటారు. దీనికి డిగ్రీ ఏమీ లేదు. తెలిసినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. గుస్ల్, కఫన్, జనాజా నమాజ్, దఫన్ ఫర్జె కిఫాయా. కొందరు చేస్తే అందరి బాధ్యత తీరుతుంది, ఎవరూ చేయకపోతే గునా అందరిదీ.

ఎవరు చేయాలి?

మగ మయ్యత్‌కు మగవాళ్లు, ఆడ మయ్యత్‌కు ఆడవాళ్లు గుస్ల్ ఇస్తారు. భర్తకు భార్య ఇవ్వొచ్చు. భార్యకు భర్త ఇవ్వడాన్ని హనఫీలు ఒప్పుకోరు, షాఫయీలు ఒప్పుకుంటారు. అర్ధరాత్రి ఇంతికాల్ అయితే ఆడ గస్సాల్ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. అందుకే ఇంట్లో ఆడవాళ్లు నేర్చుకోవడం మరీ అవసరం.

గుస్ల్ ఎలా?

మయ్యత్‌ను తఖ్తా మీద పడుకోబెట్టి, సతర్ మీద బట్ట కప్పాలి. చేతికి గ్లౌజులు వేసుకుని, పొట్టను మెల్లగా నొక్కి, ఆ బట్ట కిందే శుభ్రం చేయాలి. తర్వాత వుజూ చేయించాలి. నోట్లో, ముక్కులో నీళ్లు పోయకూడదు, తడి దూదితో తుడిస్తే చాలు. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు కడగాలి. మూడుసార్లు, అవసరమైతే ఐదుసార్లు, అంటే బేసి సంఖ్యలో. రేగి ఆకులు వేసి కాచిన నీళ్లు, చివరిసారి కర్పూరం కలిపిన నీళ్లు వాడటం సున్నత్. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు.

పోస్ట్‌మార్టం అయితే కుట్ల దగ్గర రుద్దకుండా నీళ్లు మెల్లగా పోయాలి. గుస్ల్ ఇచ్చేటప్పుడు కనిపించిన లోపం ఏదీ బయట చెప్పకూడదు. గస్సాల్‌కు ఉండాల్సిన మొదటి అర్హత ఇదే.

కఫన్

మగవాళ్లకు మూడు బట్టలు: ఇజార్, ఖమీస్, లిఫాఫా. ఆడవాళ్లకు వీటితో పాటు ఓఢ్నీ, సీనాబంద్ కలిపి ఐదు. నుదురు, ముక్కు, అరచేతులు, మోకాళ్లు, పాదాలు, అంటే సజ్దాలో నేలకు తగిలే చోట్ల కర్పూరం పెడతారు.

జాగ్రత్తలు

2020 మార్చి 15న కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన కోవిడ్ మార్గదర్శకాల్లో మృతదేహానికి స్నానం చేయించొద్దన్నారు. జబ్బుతో పోయినవాళ్లయితే ఏ జబ్బో డాక్టర్‌ను ముందే అడగాలి. మాస్కు, గ్లౌజులు తప్పనిసరి.

కాగితాలు

1969 జనన మరణాల నమోదు చట్టం కింద మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రి వాళ్లు, ఇంట్లో పోతే ఇంటిపెద్ద తెలియజేయాలి. మన దగ్గర నమోదు చేసేది జీహెచ్ఎంసీ. పేరు స్పెల్లింగ్ ఆధార్‌తో సరిపోయిందో లేదో అక్కడే చూసుకోండి. తేడా ఉంటే తర్వాత బ్యాంకు, ఇన్సూరెన్స్, పెన్షన్ దగ్గర ఇబ్బంది పడేది ఇంటివాళ్లే. ప్రమాదం, ఆత్మహత్య, అనుమానాస్పద మరణం అయితే పోలీసులకు చెప్పకుండా దఫన్ చేయకూడదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ మహల్లా ఇమామ్ సాబ్‌ను అడిగితే గస్సాల్ ఎవరో చెప్తారు. మొదట నీళ్లు అందించడం, కఫన్ కత్తిరించడం లాంటి పనులతో మొదలుపెట్టండి. నాలుగైదు సార్లు పక్కన ఉంటే చేతులు వణకడం తగ్గుతుంది.