నల్లగొండ, పాలమూరు సీమలలో 'తగ్గింపు' అను మాట

తెలుగు క్రైస్తవుల వాడుకలో 'తగ్గింపు' ఒక సద్గుణమునకు పేరు. అహమును ప్రక్కకు నెట్టి దైవమును నడుమ నిలుపుకొను మనఃస్థితి దానికర్థము. ఈ మాట నల్లగొండ, పాలమూరు మెట్టసీమలలో ప్రవేశించినప్పుడు కలిగిన చిక్కును విచారించుట యీ వ్యాసోద్దేశము.

దీనికి మూలమైన 'టాపీనోస్' అను గ్రీకు పదము ప్రాచీన యవనుల గ్రంథములందు తరచుగా నీచత్వమును, బానిసకు తగిన బుద్ధిని తెలుపును. పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖయందు ఆ పదకుటుంబమునే గైకొని, ఉన్నతుడైన క్రీస్తు తన ఔన్నత్యమును విడిచి దాసరూపము దాల్చుటను వర్ణించెను. తెలుగు అనువాదకులు అచ్చట 'తగ్గించుకొను' అను రూపమును వాడిరి. ఇందలి 'కొను' అను అనుప్రయోగము ఆత్మార్థకమని మన పండితులకు వేరుగ చెప్పనక్కరలేదు. తగ్గించుకొనువాడు వేరు, తగ్గింపబడినవాడు వేరు. కర్తయు కర్మయు నొక్కడేయైన చోటనే యిది గుణము. కర్త దొరయు, కర్మ కూలివాడును అయినచో అది వెట్టియగును.

ఈ సీమలలో క్రైస్తవ సంఘములం జేరినవారిలో అధికసంఖ్యాకులు మాల మాదిగ కులములవారు. దొర యెదుట చెప్పులు విడిచి, నడుము వంచి, 'నీ బాంచెను, కాల్మొక్కుత' అని పలుకుట వారికి నిత్యవ్యవహారము. బాంచెయనగా దాసి. పుట్టుకతోనే తగ్గింపబడినవానికి తగ్గింపును బోధించుట యేమి బోధ? పైగా బోధించు మిషనరీని సైతము జనులు 'దొరగారు' అనియే పిలిచిరి. ఆతడు నివసించినది బంగళా. ఈ ప్రశ్నను దాటవేసి వ్రాసిన సంఘచరిత్ర యెంత భక్తియుక్తమైనను అసమగ్రమేయని నా యభిప్రాయము.

అయినను తన్ను తాను వెనుకకు జరుపుకొనుటకు నిదర్శనము ఆ బంగళాల చరిత్రలోనే యొకటి కలదు. అమెరికా బాప్తిస్టులు 1885లో పాలమూరునందు మిషను స్థాపించిరి. నల్లగొండకు వచ్చినవారు మాత్రము రష్యా సామ్రాజ్యమునందలి జర్మను భాషీయులు, 1860లో నేర్పడిన మెన్నోనైట్ బ్రెదరన్ అను చిన్న శాఖకు చెందినవారు. అబ్రాహాము ఫ్రీసెను, ఆయన భార్య మరియ 1889లో హిందూదేశమునకు వచ్చి, 1890లో నల్లగొండయందు పని ప్రారంభించిరి. ధనము చాలవరకు రష్యాలోని వారి సంఘములది, శ్రమ వారిది, పేరు మాత్రము అమెరికా బాప్తిస్టు మిషనరీ యూనియనుది. ఆ సంవత్సరమే పాలమూరు పట్టణము ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పేర మహబూబునగరమైనది. ఒకచోట ప్రభువు పేరు ఊరిపై నెక్కుచుండగా వేరొకచోట పనివారి పేరు మరుగునకు జరుగుట కాకతాళీయమే యైనను గమనింపదగినది.

స్వంత మిషను సంస్థ లేకుండుటయు దీనికొక కారణమే కావున సమస్తమును వినయమునకే ఆరోపింపరాదు. కాని 1899 మొదలు అమెరికాలోని యదే శాఖవారు వచ్చి, క్రమముగా తమ పేర వేరు క్షేత్రమును హైదరాబాదునందును, 1906లో నాగరుకర్నూలునందును ఏర్పరచుకొన్నను, రష్యానుండి వచ్చినవారు బాప్తిస్టుల క్రిందనే నిలిచిరి. అవసరము తీరిన పిదపను నిలిచిన లోబాటును అవసరమని కొట్టివేయుట న్యాయము కాదు. 1914 నాటి యుద్ధమును, తరువాతి విప్లవమును రష్యా ద్రవ్యసహాయమును అరికట్టెను. 1937లో పాలమూరు క్షేత్రము బాప్తిస్టులనుండి అమెరికా మెన్నోనైట్ బ్రెదరన్ వారికి సంక్రమించినది.

పేరు మరుగుపరచుకొనుట యీ సీమకు క్రొత్త గాదు. నాగరుకర్నూలు ప్రాంతమునందలి వర్ధమానపురము నేలిన గోనవారిలో బుద్ధారెడ్డి తాను రచించిన ద్విపద రామాయణమును తండ్రి విఠలనాథుని పేర వెలయించెను. అది పితృభక్తి, ఇది దైవభక్తి. తాను నడుమ నిలువకుండుట రెంటికిని సమానము. ఆయినను బుద్ధారెడ్డి రాజు, ఫ్రీసెను దొర. ఇరువురకును వదలుకొనుటకు ఏదో యుండెను.

ఏమియు లేనివాని సంగతి యేమి? దీనికి సమాధానము బోధలందుకంటె పేర్లలో స్పష్టముగ కనబడును. తెలుగు క్రైస్తవులలో యేసుదాసు, దేవదాసు, దైవాధీనము మొదలగు పేర్లు ప్రబలినవి. పైకి చూడ 'దాస' శబ్దమును 'బాంచె' శబ్దమును ఏకార్థకములు. కాని దైవాధీనుడు మరియొకని అధీనుడు కానేరడు. నడుమనున్న పీఠము నిండిపోయినచో దొరకు అచ్చట చోటు లేదు. అహమునకు చేసిన నిషేధమే దొరకును వర్తించినది. వెట్టి యీ పేర్లతో తొలగిపోలేదు, నిజమే. యేసుదాసునకు సైతము చివర 'గాడు' చేర్చుట దొరకేమియు కష్టము గాదు. అయినను ఆతని వెట్టికి పిలువవచ్చినవాడు ముందుగా ఆ పేరు పలుకవలసివచ్చెను.