మిశ్రమ కారక ప్రయోగాల్లో కాంట్రాస్ట్‌లు (మెదడు చిత్రణ)

ఒక కారకం వ్యక్తుల మధ్య, మరొకటి ఒకే వ్యక్తిలో మారేలా రూపొందించిన ప్రయోగాన్ని మిశ్రమ కారక ప్రయోగం అంటారు. ఆ ప్రయోగం నుంచి మనకు కావలసిన ప్రశ్నను అంకెల వరుసగా రాస్తే అది కాంట్రాస్ట్. వరుసలోని అంకెలను భారాలంటారు. రెండు సగటులను పోల్చే కాంట్రాస్ట్‌లో భారాల మొత్తం సున్నా కావాలి. ఎఫ్‌ఎంఆర్‌ఐ విశ్లేషణలో ఈ లెక్కను మెదడు చిత్రంలో అతి చిన్న ఘనభాగమైన ప్రతి వాక్సెల్‌కూ విడిగా చేస్తారు.

నేపథ్యం

ఈ పద్ధతికి మూలం వ్యవసాయ పరిశోధన. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ కేంద్రంలో ఆర్.ఎ. ఫిషర్, ఆయన తరువాత ఫ్రాంక్ యేట్స్ కారక ప్రయోగాల సిద్ధాంతాన్ని అభివృద్ధి చేశారు. పెద్ద మడికి ఒక ఎరువు, అందులోని చిన్న మడులకు వేర్వేరు విత్తనాలు వేసే స్ప్లిట్-ప్లాట్ ప్రయోగం ఈ కోవలోదే. మెదడు చిత్రణలో పెద్ద మడి స్థానంలో వ్యక్తి ఉంటాడు, చిన్న మడుల స్థానంలో అతనికి చూపే దృశ్యాలుంటాయి.

భారాల అమరిక

20 మంది కుంగుబాటు రోగులకు, 20 మంది ఆరోగ్యవంతులకు భయం నిండిన ముఖాలనూ మామూలు ముఖాలనూ చూపారనుకుందాం. సమూహం, ముఖం కలిసిన నాలుగు గడుల వరుస: రోగి-భయం, రోగి-మామూలు, ఆరోగ్య-భయం, ఆరోగ్య-మామూలు.

- ముఖాల ప్రధాన ప్రభావం: 1, −1, 1, −1
- సమూహ ప్రధాన ప్రభావం: 1, 1, −1, −1
- పరస్పర ప్రభావం: 1, −1, −1, 1

మూడోది భయానికీ మామూలుకీ మధ్య తేడా రోగుల్లో ఎక్కువా అని అడుగుతుంది. టీ-పరీక్షకు దిశ ఉంటుంది కాబట్టి, తక్కువా అని అడగాలంటే గుర్తులన్నీ తిప్పాలి. ముఖాలు మూడు రకాలైతే పరస్పర ప్రభావం ఒక్క వరుసలో ఇమడదు. రెండు వరుసల ఎఫ్-పరీక్ష కావాలి.

దోష విస్తృతి

భారాలు సరిగా ఉన్నంత మాత్రాన పరీక్ష సరైనది కాదు. ఒకే వ్యక్తి నుంచి వచ్చిన రెండు కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. అందుకే ముఖాల ప్రభావాన్నీ పరస్పర ప్రభావాన్నీ వ్యక్తి లోపలి విస్తృతితో (వేరియన్స్) పోల్చాలి. సమూహాల తేడాను వ్యక్తుల మధ్య విస్తృతితో పోల్చాలి. పై ఉదాహరణలో రెంటికీ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 38. వ్యక్తికి రెండు చొప్పున వచ్చిన మొత్తం 80 మెదడు చిత్రాలూ స్వతంత్రమైనవని భావించి నాలుగు గడుల నమూనా ఒక్కటే వాడితే అవి 76 అవుతాయి. అది లేని బలాన్ని ఉన్నట్టు చూపుతుంది.

అంచనా వేయదగిన కాంట్రాస్ట్‌లు

నమూనాలో ప్రతి వ్యక్తికీ ఒక నిలువు వరుస చేరిస్తే మొత్తం 44 వరుసలవుతాయి, కానీ మాత్రిక కోటి (ర్యాంక్) 42 మాత్రమే. ఇలాంటి మాత్రికలకు సాధారణ విలోమం ఉండదు కాబట్టి సాధారణీకృత విలోమం వాడతారు. ఆ సిద్ధాంతానికి పునాదులు వేసినవారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు ముఖ్యులు. కోటి తక్కువైనందున ఈ నమూనాలో గడుల భారాలతో మాత్రమే సమూహ తేడాను అంచనా వేయలేం; అందుకు గడులకు 0.5, 0.5, −0.5, −0.5తో పాటు ప్రతి రోగికీ 1/20, ప్రతి ఆరోగ్యవంతునికీ −1/20 భారం ఇవ్వాలి. అలా వచ్చిన అంచనా సరైనదే అయినా, దాన్ని ఈ నమూనా దోషంతో పరీక్షించకూడదు. ఆ దోషం వ్యక్తి లోపలిది.

ఆచరణ

కారకాలు రెండేసి స్థాయిలవైతే సులువైన దారి ఉంది. ప్రతి వ్యక్తికీ రెండు చిత్రాల తేడా తీసి, ఆ తేడాలను రెండు సమూహాల మధ్య టీ-పరీక్షతో పోలిస్తే పరస్పర ప్రభావం తెలుస్తుంది. రెండు చిత్రాల సగటులను అలాగే పోలిస్తే సమూహ ప్రభావం తెలుస్తుంది. స్థాయిలు పెరిగినప్పుడు ఎస్‌పీఎమ్‌లోని ఫ్లెక్సిబుల్ ఫాక్టోరియల్, ఆఫ్నీలోని 3డీఎంవీఎం వంటి మెదడు చిత్రణ సాఫ్ట్‌వేర్ సాధనాలు వాడతారు.

ఫలితాన్ని చదివేటప్పుడు ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ఒక సమూహంలో ప్రభావం గణనీయంగా కనిపించి రెండోదానిలో కనిపించకపోతే, ఆ రెండు సమూహాలు వేరని నిర్ధారిస్తారు. ఆ నిర్ధారణకు పరస్పర ప్రభావపు కాంట్రాస్ట్ ఒక్కటే ఆధారం. దాన్ని దత్తాంశం చూడకముందే రాసుకోవాలి.