హాజరు పట్టీలో పదకొండు మంది

అనంతపురం ప్రాంతంలో బడి పిల్లల ఫుట్‌బాల్ పోటీలకు వర్గాలు వయసును బట్టి ఉంటాయి: 14 ఏళ్ల లోపు, 17 ఏళ్ల లోపు, 19 ఏళ్ల లోపు. ఏ బడిలో ఎంతమంది చదువుతున్నారన్న ప్రశ్నే రాదు. పట్నంలో వెయ్యిమంది పిల్లలున్న బడికీ, కరువు మండలంలో ఎనభై మంది ఉన్న బడికీ ఒకటే నియమం. ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఎనభై మందిలో సగం ఆడపిల్లలు, మిగిలిన సగంలో చిన్న తరగతుల వాళ్లు పోగా పదకొండు మందిని ఎక్కడి నుంచి తేవాలి?

అమెరికా ఈ ప్రశ్నను నూరేళ్ల కిందటే ఎదుర్కొంది. వాళ్ల ఫుట్‌బాల్ వేరు, చేతులతో పట్టుకుని పరిగెత్తే ఆట; జట్టుకు పదకొండు మంది అన్నది మాత్రం అక్కడా ఉంది. టెక్సస్‌లో హైస్కూళ్ల మధ్య రాష్ట్రస్థాయి ఫుట్‌బాల్ పోటీలు 1920లో మొదలయ్యాయి. పెద్ద ఊరి బడి ముందు చిన్న ఊరి బడి నిలవలేదని తేలాక విద్యార్థుల సంఖ్యను బట్టి తరగతులు పెట్టారు. అవి పెరుగుతూ వచ్చి, 2014 నుంచి 1ఎ మొదలు 6ఎ దాకా ఆరయ్యాయి. రెండేళ్లకోసారి బడుల్లో తలలు లెక్కపెట్టి ఏ బడి ఏ తరగతిలో ఆడాలో మళ్లీ నిర్ణయిస్తారు.

టెక్సస్ కంటే మనకు దగ్గరి కథ నెబ్రాస్కా రాష్ట్రానిది. 1934లో అక్కడ ఒకవైపు ఆర్థిక మాంద్యం, మరోవైపు ఘోరమైన అనావృష్టి. పల్లె బడుల్లో జట్టు కట్టేంత మంది కుర్రాళ్లు లేరు. చెస్టర్ అనే చిన్న ఊళ్లో కోచ్‌గా ఉన్న స్టీఫెన్ ఎప్లర్ ఆరుగురితో ఆడే ఫుట్‌బాల్‌ను తయారుచేశాడు. మైదానాన్ని 80 గజాల పొడవుకు, 40 గజాల వెడల్పుకు కుదించాడు. ఆ సెప్టెంబరులో హెబ్రన్‌లో జరిగిన తొలి ఆటకు నాలుగు ఊళ్ల బడులు రెండేసి కలిసి రెండు జట్లుగా దిగాయి. స్కోరు 19-19. టెక్సస్‌లో నూరు చిల్లర మందికి మించని బడులు నేటికీ ఆ ఆరుగురి ఆటే ఆడుతున్నాయి. పిల్లలు తక్కువైతే ఆటను మార్చాలి గాని బడిని తప్పించకూడదన్న ఆలోచన కరువులో పుట్టింది. అందుకే అది నాకు అంత గొప్పగా తోస్తుంది.

టెక్సస్‌లోనే, తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన డల్లాస్ శివార్లలో ఈ తలల లెక్క ప్రభావం కళ్లకు కడుతుంది. అలెన్ పట్టణం పిల్లలందరినీ ఒకే పెద్ద హైస్కూలులో ఉంచి 6ఎలో ఆడిస్తుంది. 2012లో ఆరు కోట్ల డాలర్లతో 18,000 మంది పట్టే స్టేడియం కట్టుకుంది. పక్కనే ఉన్న ఫ్రిస్కో మాత్రం ఒక్కో హైస్కూలులో పిల్లలు సుమారు 2,100 మందికి మించకూడదన్న విధానంతో ఎక్కువ బడులు కట్టింది. వాటిలో ఎక్కువ భాగం 5ఎలో ఆడాయి. ఎక్కువమంది పిల్లలకు జట్టులో చోటు దక్కేది ఫ్రిస్కో పద్ధతిలోనే.

మన దగ్గర దారి వేరు. మద్రాసు ప్రెసిడెన్సీ వారసత్వంగా ఆంధ్ర జిల్లాల్లో నడిచిన గ్రిగ్ స్మారక పాఠశాల పోటీల్లో సీనియర్లు, జూనియర్లు అన్న విభజనే తప్ప పెద్ద బడి, చిన్న బడి అన్నది లేదు. 1954లో ఏర్పడిన భారత పాఠశాల క్రీడల సమాఖ్య కింద వయసే కొలమానమైంది. జాతీయ పోటీలకు వెళ్లేది బడి జట్టు కాదు, ఏరి కూర్చిన రాష్ట్ర జట్టు. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం మండలాలను తెచ్చాక ఉమ్మడి అనంతపురం జిల్లాకు 63 మండలాలు వచ్చాయి. ఎంపికలకు మండలమే తొలి మెట్టయింది. చిన్న బడి పిల్లవాడికి ఇది మేలే, బాగా ఆడితే మండలం జట్టులోకి వెళ్తాడు. అతని బడికి మాత్రం ఆట దక్కదు. ఒకడు ఎంపికవుతాడు, మిగతా పిల్లలు చూస్తూ ఉంటారు. 1960లో మొదలైన సుబ్రతో కప్‌లో జట్టంతా ఒకే బడిది కావాలి. అక్కడ సంఖ్య, హాస్టలు, మైదానం ఉన్న బడులదే పైచేయి.

సంఖ్య ఇంకో దారిలోనూ దెబ్బ తీస్తుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో పిల్లలు నూరు దాటితేనే వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు తప్పనిసరి. 2022లో రాష్ట్రం జీవో 117తో టీచరు పోస్టులను పిల్లల సంఖ్యకు ముడిపెట్టింది, 2025లో దాన్ని వెనక్కి తీసుకుంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం నేలపై వేరుశనగ ఎండిపోతే కుటుంబాలు బెంగళూరుకు, కేరళకు వలస పోతాయి. పిల్లలూ వెంట వెళ్తారు. జూన్‌లో పట్టీలో ఉన్న పేర్లకు జనవరిలో పలికేవాళ్లు ఉండరు. వాన తప్పితే బడికి పీఈటీ సారు ఉండాలా వద్దా అన్నదీ తారుమారవుతుంది.

ఈ లోటును కొంతవరకు పూడ్చింది బడి బయటి వ్యవస్థే. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనంతపురంలో క్రీడాగ్రామాన్ని నిర్మించి, పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తూ వచ్చింది. స్పెయిన్ లా లీగా తోడ్పాటూ అందింది. అక్కడికి చేరిన పిల్లవాడి బడి ఎంత చిన్నదన్నది అడ్డు కాదు. కానీ ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతి మండలంలోని ప్రతి బడికీ చేరలేదు, చేరాలని ఆశించడమూ న్యాయం కాదు.

అందుకే నూరులోపు పిల్లలున్న బడులకు మండల స్థాయిలో ఏడుగురి ఫుట్‌బాల్ పోటీ విడిగా పెట్టవచ్చు. సగం మైదానం చాలు, గోల్‌పోస్టులకు వెదురు గడలైనా సరే. ఏ బడిలో ఎందరున్నారో ఏటా ప్రభుత్వ యూడైస్ లెక్కల్లో నమోదవుతూనే ఉంది, కొత్త సర్వే అక్కర్లేదు. మొదలుపెట్టేది ఆడపిల్లల జట్లతో అయితే మేలు. ఎనభై మంది బడిలో పదకొండు మంది అబ్బాయిలు అతికష్టం మీద దొరికినా దొరకవచ్చు. ఒకే వయసు వర్గంలో ఆటకు వచ్చే పదకొండు మంది అమ్మాయిలు దొరకడం మరీ కష్టం, ఏడుగురు దొరుకుతారు.