చైనుకు నూనె, మరి ఒంటికో?

మా అమ్మాయి సైకిలుకు గాలికొట్టి, చైనుకు నూనె పెట్టి, తను మాత్రం ఖాళీ కడుపుతో బయల్దేరుతుంటే నాకు జూలీ మాస్ గుర్తొస్తుంది.

1982 ఫిబ్రవరిలో హవాయిలో 'ఐరన్‌మాన్' పోటీ. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42 కిలోమీటర్ల పరుగు. అన్నీ ఒక్కరోజే! కాలేజీ పరిశోధన కోసం దిగిన జూలీ ఆడవాళ్ళలో అందరికంటే ముందుంది. గమ్యం నాలుగడుగుల్లో ఉందనగా ఒంట్లో నీరూ సత్తువా ఇంకిపోయి కూలబడింది. కాథ్‌లీన్ మెకార్ట్నీ దాటిపోయింది. జూలీ పాకుతూ వెళ్ళి గీత తాకింది. తేడా 29 సెకన్లే!

ఆ పట్టుదల గొప్పదే, కాదనను. కానీ ఈ పోటీలకు తయారయ్యేవాళ్ళు సైకిలు తొక్కుతూనే తినడం, తాగడం కూడా సాధన చేస్తారట. అందరికీ వడ్డించి మన సంగతి మరిచిపోయే మనకీ ఆ సాధన అవసరమేనేమో!

"అమ్మడూ, ముందా రెండిడ్లీలు తిను!" అన్నాను.

"మరి నువ్వు తిన్నావా అమ్మా?" అంది.