బార్సూరు: ఆలయం పక్కన చెరువు

విద్యార్థులారా! చరిత్ర అనగానే మనకు కోటలు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. అయితే వరి పండించుకునే చిన్న ఊరికీ చరిత్ర ఉంటుంది. అది ఎక్కడ రాసి ఉంటుందో ఛత్తీస్‌గఢ్‌లోని బార్సూరును చూసి తెలుసుకుందాం.

బస్తర్ ప్రాంతంలో, దంతెవాడ జిల్లాలో, ఇంద్రావతి నదికి దగ్గరలో బార్సూరు ఉంది. చుట్టూ అడవులు, కొండలు, వాటి నడుమ పొలాలు. బస్తర్ రైతులు భూమిని ఎత్తును బట్టి నాలుగు రకాలుగా చెబుతారు: మర్హాన్, టిక్రా, మాల్, గభార్. అన్నిటికన్నా ఎత్తైన మర్హాన్‌లో నీరు నిలవదు కనుక అక్కడ చిరుధాన్యాలు వేస్తారు. అన్నిటికన్నా పల్లమైన గభార్‌లో వరి బాగా పండుతుంది. వాన నీటిని ఎక్కడ, ఎలా నిలపాలి అన్నదే ఇక్కడి సేద్యానికి మొదటి ప్రశ్న.

ఈ ప్రశ్న ఎంత పాతదో ఒక శాసనం చెబుతుంది. 11వ శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఛిందక నాగవంశ రాజులు పాలించేవారు. వారిలో ధారావర్షుని సామంతుడు చంద్రాదిత్యుడు. ఆయన తెలుగు చోడ వంశీయుడు. క్రీ.శ. 1060 నాటి బార్సూరు శాసనం ప్రకారం ఆయన ఇక్కడ శివాలయం కట్టించాడు, చెరువు తవ్వించాడు, తోట వేయించాడు. ఆలయ పోషణకు రాజు దగ్గర ఒక గ్రామాన్ని కొని దానం చేశాడు. ఈ శాసన భాష తెలుగే! తర్వాత గంగమహాదేవి అనే రాణి కూడా ఇక్కడ రెండు శివాలయాలకు ఒక గ్రామాన్ని ఇచ్చింది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. గుడిలో దీపం వెలగాలంటే ఊళ్లో పంట పండాలి. పంట పండాలంటే నీరు నిలవాలి. దానం చేసినవారి పేర్లు రాతిపై నిలిచాయి. చెరువు మట్టి మోసినవారి పేర్లు, ఆ గ్రామంలో నాగలి పట్టినవారి పేర్లు మనకు తెలియవు. అలాంటివారి చరిత్రను నేలల పేర్లలోనూ పండుగల్లోనూ వెతకాలి. విత్తనాలు చల్లే ముందు బస్తర్ గోండులు చేసుకునే వేడుక పేరు ‘బీజ పండుం’. ఆ ‘పండుం’ మన ‘పండుగ’కు చుట్టమే.

బార్సూరులో ఒకప్పుడు 147 ఆలయాలు, 147 చెరువులు ఉండేవని స్థానికులు చెప్పుకుంటారు. ఇది శాసనం కాదు, జనశ్రుతి. అయినా ఆలయాలతో సమానంగా చెరువులనూ లెక్కపెట్టిన జ్ఞాపకం అది. గుడి కూలినా రాళ్లు మిగులుతాయి. చెరువు పూడిపోతే దాని గుర్తు కూడా మిగలదు.

మీ ఊరి చెరువు పేరేమిటి? ఎవరు తవ్వించారు? ఏ పొలాలకు నీరిస్తుంది? పెద్దలను అడిగి రాసి ఉంచండి. మీ ఊరి చరిత్రలో మొదటి పుట అదే అవుతుంది.